వీఎం చేతికి గ్రాఫిక్స్ కార్డు: అపోహలు – వాస్తవాలు

శ్రీముఖలింగంలో వంశధార గట్టున ఉన్న మధుకేశ్వరాలయం ద్వారబంధాల చెక్కడం ఒక పూటలో చూసి ముగించేది కాదు. సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు కూడా కలిస్తే రోజు సరిపోదు. దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ గుడి శాసనాల మీదే పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. ఇప్పుడు అవే రాళ్లను అన్ని కోణాల్లో ఫొటోలు తీసి కంప్యూటర్లో 3డీ నమూనాగా కట్టే సాఫ్ట్‌వేర్ ఎవరికైనా దొరుకుతోంది. అలాంటి వాటిలో పేరున్న రియాలిటీక్యాప్చర్ (ఇప్పుడు రియాలిటీస్కాన్ అంటున్నారు) ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారికి 2024 నుంచి ఉచితం కూడా. అయితే దాని డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ విండోస్ కోసం తయారైంది. నమూనా కట్టే దశకు ఎన్‌విడియా కార్డు తప్పనిసరి.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, టెక్కలి, రాజాం కాలేజీల్లోనో చదువుతూ లినక్స్ మీదే పని చేసుకునే కుర్రాడికి ఇక్కడే చిక్కు వస్తుంది. లినక్స్ తీసేయడం ఇష్టం ఉండదు. వర్చువల్ మెషిన్ (వీఎం)లో విండోస్ వేస్తే, లోపల కనిపించేది సాఫ్ట్‌వేర్ పుట్టించిన ఉత్తుత్తి కార్డు. అసలు కార్డునే లినక్స్ నుంచి విడిపించి వీఎంకి అప్పగించే పద్ధతి ఒకటుంది, దాన్నే పాస్‌త్రూ అంటారు. వీఎంలను నడిపే కేవీఎం లినక్స్ కెర్నెల్‌లో 2007లో చేరితే, ఈ అప్పగింతకు ఇప్పుడు వాడే వీఎఫ్‌ఐఓ 2012లో, 3.6 వెర్షన్‌తో వచ్చింది. ఇన్నేళ్లయినా హాస్టల్ గదుల్లో, కంప్యూటర్ కొట్ల దగ్గర దీని గురించి వినిపించే మాటల్లో సగం పాతవి, సగం విన్నవి విన్నట్టు చెప్పుకునేవి.

అపోహ: వీఎంలో ఏ పని చేయాలన్నా పాస్‌త్రూ ఉంటేనే మేలు.

చాలామందికి అసలు అవసరమే లేదు. డీటీపీ సెంటర్లవాళ్లు పాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ ఉంచుకుంటారు. ఆ పనికి మామూలు వీఎం చాలు, పెళ్లి శుభలేఖ కొట్టడానికి కార్డు అప్పగించనక్కర్లేదు. ఆటల కోసమే అయితే 2018లో వాల్వ్ తెచ్చిన ప్రోటాన్‌తో విండోస్ ఆటలు చాలావరకు లినక్స్ మీద నేరుగా నడుస్తున్నాయి. నడవని వాటిలో కొన్ని వీఎంలోనూ నడవవు. వాలరెంట్ ఆటకున్న వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రామ్ వీఎంని గుర్తుపట్టి గేటు మూసేస్తుంది. ఫొటోల నుంచి 3డీ కట్టడానికి కూడా మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ లినక్స్‌లోనే ఎన్‌విడియా కార్డు వాడుకుని పని చేస్తాయి. ముందు వాటితో ఒక స్తంభాన్ని చేసి చూసుకోవాలి. అవి చాలకపోతేనే తర్వాతి మాట.

అపోహ: బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేస్తే పని అయిపోయినట్టే.

ఇక్కడ రెండు వేర్వేరు మీటలున్నాయి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం అనేవి వీఎం నడవడానికి. పాస్‌త్రూకి కావలసినది ఐఓఎంఎంయూ. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అంటుంది. కార్డు ప్రాసెసర్‌ని అడగకుండా నేరుగా మెమరీలో చదువుతుంది, రాస్తుంది. అలాంటిదాన్ని వీఎం చేతికిచ్చాక అది లినక్స్ మెమరీలో వేలు పెట్టకుండా, తనకు కేటాయించిన భాగం దాటకుండా ఆపేది ఐఓఎంఎంయూయే. అది లేకుండా పాస్‌త్రూ అనడం తలుపు లేని ఇంటికి తాళం వేసినట్టే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇక్కడ ఒక వింత గమనించాలి. ఇంటెల్ ఐ7-2600లో, ఐ7-4770లో వీటీ-డీ ఉంది. వాటికంటే ఎక్కువ ధర పెట్టి కొనే 2600కే, 4770కేలలో లేదు! తర్వాత వచ్చిన 4790కేలో మళ్లీ ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి తక్కువ దొరకడం అంటే ఇదే. బయాస్‌లో ఆన్ చేశాక లినక్స్‌లోకి వెళ్లి కెర్నెల్ లాగ్‌లో ఇంటెల్ అయితే డీఎంఏఆర్, ఏఎండీ అయితే ఏఎండీ-వీఐ అన్న పేర్లతో వరుసలున్నాయో లేదో చూడాలి. ఇంటెల్ యంత్రాల్లో బూట్ వరుసకు ఇంటెల్ ఐఓఎంఎంయూ ఆన్ అన్న మాట మనమే జోడించాల్సి రావచ్చు.

అపోహ: కార్డు ఒక్కటే ఇస్తున్నాం, పక్కవాటితో పనేమిటి?

పని ఉంది. మదర్‌బోర్డు మీది పరికరాలను లినక్స్ గుంపులుగా చూస్తుంది. తమలో తాము ఐఓఎంఎంయూ కంట పడకుండా మాట్లాడుకోగల పరికరాలన్నీ ఒకే గుంపు. ఒకే మీటరు మీదున్న పోర్షన్లలో ఒక్కదానికే ఫీజు పీకలేం కదా, గుంపు సంగతీ అంతే. కార్డున్న గుంపులోనే నెట్‌వర్క్ చిప్పు, సాటా కంట్రోలర్ ఉంటే వాటినీ లినక్స్ వదులుకోవాల్సిందే.

కార్డు అనుకునేది కూడా ఒక్క పరికరం కాదు. పరికరాల జాబితా తీస్తే 01:00.0 దగ్గర గ్రాఫిక్స్, 01:00.1 దగ్గర హెచ్‌డీఎంఐ ఆడియో కనిపిస్తాయి. ఆర్‌టీఎక్స్ 20 శ్రేణిలో చాలావాటికి .2, .3 అంటూ ఇంకో రెండు యూఎస్‌బీ సంబంధమైనవి ఉంటాయి. నాలుగింటినీ వీఎఫ్‌ఐఓ-పీసీఐ అనే డ్రైవర్‌కు కట్టాలి. గ్రాఫిక్స్‌కి కట్టి, ఆడియోని లినక్స్ సౌండ్ డ్రైవర్ చేతిలోనే వదిలేసి, వీఎం ఎందుకు లేవడం లేదని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. ఒక్కో వరుస కింద ఏ డ్రైవర్ వాడుకలో ఉందో రాసి ఉంటుంది. వీఎం లేపకముందే ఆ నాలుగు వరుసలూ చదవడం అసలు పరీక్షలో మొదటి మెట్టు.

గుంపు పెద్దదైతే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేసేయమని సలహా ఇస్తుంటారు. అది గుంపులను కాగితం మీద విడదీస్తుందే తప్ప, పరికరాల మధ్య నిజమైన గోడ కట్టదు. ప్రధాన కెర్నెల్‌లో దాన్ని చేర్చుకోకపోవడానికి కారణమూ అదే. ఇంట్లో సొంత పనికి వాడితే మీ ఇష్టం. నలుగురు వాడే ల్యాబ్ యంత్రంలో వద్దనే నా మాట. దానికి ముందు కార్డును వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. ప్రాసెసర్‌కు నేరుగా కలిసిన స్లాట్‌కీ చిప్‌సెట్ ద్వారా కలిసిన స్లాట్‌కీ గుంపులు వేరుగా ఉంటాయి.

అపోహ: ఎన్‌విడియా వాడు వీఎంలో తన కార్డు పని చేయనివ్వడు.

ఒకప్పుడు నిజమే. జీఫోర్స్ డ్రైవర్ తాను వీఎంలో ఉన్నానని కనిపెడితే కోడ్ 43 అని చెప్పి మొరాయించేది. కేవీఎం జాడ దాచిపెట్టి దాన్ని ఏమార్చడం అప్పట్లో ఒక విద్య. 2021 మార్చిలో 465 డ్రైవర్‌తో ఎన్‌విడియాయే ఆ అడ్డు తీసేసి, విండోస్ వీఎంలకు జీఫోర్స్ పాస్‌త్రూని అనుమతించింది. అంతకుముందు తీసిన పాఠాలు, వీడియోలు చూసి ఈనాటికీ దాపరికపు వరుసలు కాపీ కొట్టేవాళ్లున్నారు. ఇప్పుడు కోడ్ 43 కనిపిస్తే కంపెనీని తిట్టేముందు కార్డు రోమ్, వీఎం ఫర్మ్‌వేర్ సరిగా కుదిరాయో లేదో చూడాలి.

అపోహ: తెర మీద బొమ్మ వచ్చిందంటే టెస్టు పాసైనట్టే.

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది ఈ నమ్మకం. విండోస్ లోగో తిరగ్గానే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టేస్తారు. వీఎం మూసి మళ్లీ తెరిస్తే అప్పుడు తెలుస్తుంది కథ. మూసినప్పుడు కార్డు తన పాత స్థితి చెరిపేసుకుని కొత్తగా లేవాలి, దాన్నే రీసెట్ అంటారు. ఏఎండీ పొలారిస్, వేగా, ఆర్‌ఎక్స్ 5700 తరం కార్డుల్లో చాలావాటికి ఇది సరిగా కుదరదు. మొదటిసారి చక్కగా లేచి, రెండోసారి మొత్తం కంప్యూటర్ రీబూట్ చేస్తే తప్ప కదలవు. దీనికోసం జెఫ్రీ మెక్‌రే వెండర్-రీసెట్ అనే కెర్నెల్ మాడ్యూల్ రాశారు. వీఎం తెరను లినక్స్ కిటికీలోనే చూపించే లుకింగ్ గ్లాస్ కూడా ఆయనదే. ఆర్‌ఎక్స్ 6000 శ్రేణిలో ఈ జబ్బు చాలావరకు సర్దుకుంది.

కాబట్టి పరీక్షను వరుసగా చేయాలి. వీఎం లేపడం, మామూలుగా మూయడం, మళ్లీ లేపడం. తర్వాత లోపలి నుంచి రీస్టార్ట్. తర్వాత బలవంతంగా ఆపి మళ్లీ లేపడం. ప్రతి మెట్టులో ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని కెర్నెల్ లాగ్ పారుతుండగా చూడాలి. వీఎం ఆగిపోయినప్పుడు తెర నల్లగా ఉంటుంది, కారణం లాగ్‌లో ఉంటుంది. ఉదాహరణకు ఫలానా బార్ (కార్డు మెమరీకి కేటాయించే చోటు) రిజర్వ్ చేయలేకపోయానని వరుసలు వరుసలుగా పడుతుంటే, బూట్ సమయంలో తెర వెలిగించిన లినక్స్ ఫ్రేమ్‌బఫర్ ఆ కార్డును ఇంకా వదల్లేదని అర్థం. బయాస్‌లో మొదటి తెరగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ని ఎంచుకుంటే సాధారణంగా తగ్గిపోతుంది.

ఇక వేగం పరీక్ష. కార్డు పీసీఐ లైన్ ఎంత వెడల్పున, ఎంత వేగంతో కలిసిందో లినక్స్ చూపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే 2.5 గిగాట్రాన్స్‌ఫర్ల దగ్గర కనిపించి గుండె జారుతుంది. అది కరెంటు ఆదా కోసం కార్డు తానే తగ్గించుకోవడం. లోపల బరువైన పని నడుస్తుండగా చూసిందే లెక్క. అప్పుడు కూడా 16 లైన్లకు బదులు 4 కనిపిస్తే స్లాట్ తప్పు. ఆ పనిని అయిదు నిమిషాలు నడిపి వదిలేయకండి. నాలుగైదు వందల ఫొటోలతో గుడి గోడ ఒకటి కట్టించండి. మూడో గంటలో వేడెక్కి పడిపోయేదాన్ని అయిదో నిమిషం పట్టించదు.

అపోహ: వీఎం అంటేనే సగం వేగం.

కార్డు వరకు నిజం కాదు, అసలు కార్డే పని చేస్తోంది కాబట్టి నేరుగా నడిపినదానికి దగ్గరగానే వస్తుంది. నెమ్మదిగా అనిపిస్తే నేరం సాధారణంగా పక్కవాళ్లది. ప్రాసెసర్ కోర్లు వీఎంకి ప్రత్యేకంగా కట్టకపోవడం, డిస్కుకు వీఎంల కోసమే చేసిన వర్టిఓ బదులు పాత సాటా నకలు వాడటం లాంటివి.

మెమరీ మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మామూలు వీఎంకి 12 జీబీ అని రాసినా, అది వాడినంతే తీసుకుంటుంది. పాస్‌త్రూ వీఎం అలా కాదు. కార్డు ఏ మూలనైనా ఎప్పుడైనా రాయవచ్చు కాబట్టి మొత్తం 12 జీబీ లేస్తూనే బిగిసిపోతుంది. 16 జీబీ యంత్రంలో లినక్స్‌కి మిగిలేది 4. ఫొటోల పని మెమరీని మింగే రకం, కాబట్టి కొత్త కార్డు కంటే ముందు రామ్ కొనడమే తెలివి.

అపోహ: కరెంటు పోతే యూపీఎస్ వీఎంని సేవ్ చేసేస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన శ్రీకాకుళం జిల్లాకు కరెంటు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మామూలు వీఎం ఉన్న స్థితిని డిస్కు మీద దాచి, తర్వాత అక్కడి నుంచే లేపవచ్చు. కార్డు లోపలి స్థితిని అలా దాచడం సాధారణంగా కుదరదు, అందుకే పాస్‌త్రూ ఉన్న వీఎంని సేవ్ చేయమంటే, వీఎంల నిర్వహణ చూసే లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. కంప్యూటర్ ఆగేటప్పుడు వీఎంలను సస్పెండ్ చేయడం లిబ్‌వర్ట్-గెస్ట్స్ సర్వీసులో ముందే పెట్టి ఉన్న అలవాటు. దాన్ని షట్‌డౌన్‌కి మార్చుకోవాలి.

అపోహ: రెండు కార్డులు ఉండాల్సిందే. ఉన్న ఒక్క కార్డునే ఎన్ని వీఎంలకైనా పంచవచ్చు.

ఒకదానికొకటి పొసగని ఈ రెండు మాటలు ఒకే నోట వినిపిస్తుంటాయి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే రెండో కార్డు అక్కర్లేదు. అదీ లేకపోయినా చేయవచ్చు గానీ వీఎం నడిచినంతసేపూ లినక్స్‌కి తెర ఉండదు. పంచడం మాత్రం వేరే విద్య. పాస్‌త్రూలో ఒక కార్డు ఒక సమయంలో ఒక్క వీఎందే. ముక్కలు చేసి ఇచ్చే పద్ధతులకు అందుకు తగిన కార్డులు, ఎన్‌విడియా విషయంలో లైసెన్సులు కావాలి. వర్చువల్‌బాక్స్‌తో చేద్దామనుకునేవాళ్లకు: లినక్స్‌లో దానికున్న అరకొర పీసీఐ పాస్‌త్రూని 6.1 వెర్షన్‌తో తీసేశారు. లాప్‌టాప్‌లలో తెర తీగ చాలావరకు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కే కలిసి ఉంటుంది, మొదటి ప్రయత్నం అక్కడ చేయకండి.

అపోహ: ఇదంతా కుర్రాళ్ల సరదా, కంపెనీల్లో ఎవరూ వాడరు.

అమెజాన్ 2010లోనే ఎన్‌విడియా టెస్లా కార్డులున్న వీఎంలను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తన క్లౌడ్‌లో వీఎంలకు కార్డులను పాస్‌త్రూ పద్ధతిలోనే ఇస్తున్నట్టు గూగుల్ తన పత్రాల్లో రాసుకుంది. ఆ గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. మన వైపు కుర్రాడు పాత డెస్క్‌టాప్ మీద గుంపులు చదవడం, లాగ్ చూడటం నేర్చుకుంటే, పెద్ద సర్వర్ ముందు కూర్చున్న రోజు ఆ మాటలేవీ కొత్తగా ఉండవు.

చివరిగా కొనేవాళ్లకు ఒక మాట. ఐఓఎంఎంయూ గుంపులు ఎలా ఉన్నాయన్నది మదర్‌బోర్డు డబ్బా మీద రాయరు, కొట్టువాడికీ తెలియదు. శ్రీకాకుళంలోనో నరసన్నపేటలోనో సెకండ్ హ్యాండ్ యంత్రం బేరమాడేటప్పుడు జేబులో లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంచుకోండి. అక్కడే బూట్ చేసి, గుంపుల జాబితా చూశాకే డబ్బులివ్వండి.