సాల్మియా ఒడ్డున మొదటి గాలం

మన కోస్తాలో వల మగవాళ్లది, గంప ఆడవాళ్లది. కాకినాడలో చూసినా, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చూసినా పడవ దిగిన చేపను బేరమాడేది, ఉప్పు పట్టించి ఎండబెట్టేది, గంపకెత్తుకుని వీధివీధి తిరిగి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంట్లో మొప్పలెత్తి ఎరుపు చూసి, వేలితో నొక్కి, "ఇది నిన్నటిది, వద్దు" అని చెప్పేదీ మనమే. చేప గురించి ఇంత తెలిసిన చేతికి గాలం మాత్రం అందలేదు.

సాల్మియాలో ఉండేవాళ్లకు సముద్రం దూరం కాదు. చాలా ఫ్లాట్ల నుంచి నడుచుకుంటూ అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్‌కు చేరుకోవచ్చు. ఈ ఊరి పాత పేరు దిమ్నా. చమురు రాకముందు కువైట్ బతికిందే సముద్రం మీద: ముత్యాలు, పడవలు, చేపలు. ఆ కాలపు పెద్ద చెక్క పడవ 'ఫతే అల్ ఖైర్'ను ఇప్పటికీ మన సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్ దగ్గర చూడొచ్చు. పిల్లల్ని అక్కడికి అక్వేరియం చూపించడానికి తీసుకెళ్తాం, తిరిగి వచ్చేస్తాం. "నేనూ ఒకసారి గాలం వేసి చూస్తే?" అని ఎప్పుడైనా అనిపించిందా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని అలాంటి వాళ్ల కోసమే ఈ వ్యాసం.

ముందు చట్టం, తర్వాత గాలం

సామాను కొనేముందు తెలుసుకోవలసింది ఇది. సాల్మియా కొసన ఉన్న రాస్ అల్ అర్ద్ దగ్గరే కువైట్ బే మొదలవుతుంది. కొసకు ఒక పక్క బే, ఇంకో పక్క విశాల సముద్రం. ఆ బే చేపలు గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగే చోటు. అందుకే 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టం కింద అక్కడ చేపల వేటపై గట్టి నిషేధాలు ఉన్నాయి, జరిమానాలూ పెద్దవే. ఏ చేపను ఏ నెలలో పట్టకూడదో మత్స్య సంపద వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ప్రకటిస్తుంటుంది. ఈ అనుమతులు, నిషేధాలు మారుతూ ఉంటాయి.

కాబట్టి "పక్కన నలుగురు వేస్తున్నారు, నేనూ వేస్తాను" అనుకోకండి. మనం ఇక్కడ రెసిడెన్సీ మీద బతుకుతున్నవాళ్లం. ఒక చేప కోసం ఇంటిల్లిపాదినీ చిక్కుల్లో పెట్టుకోనక్కరలేదు. మీరు నిలబడాలనుకునే చోటు పేరు చెప్పి మత్స్య శాఖ వాళ్లనో, కోస్ట్ గార్డ్‌నో ముందే అడగండి. బోర్డు మీద 'మమ్నూ' అని ఉంటే నిషేధం, 'మస్మూహ్' అంటే అనుమతి ఉంది అని. ఈ రెండు అరబ్బీ మాటలు గుర్తుపెట్టుకోండి. ఒడ్డున వీలుకాదంటే, లైసెన్స్ ఉన్న బోటులో కుటుంబంగా వెళ్లి వేయడం మరో దారి. ఏ దారైనా సివిల్ ఐడీ దగ్గరుండాలి.

కాలం, పోటు

కువైట్‌లో గాలానికి అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. వేసవిలో ఆ ఆలోచనే వద్దు. 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా బయటి పనులే ఆపించే దేశం ఇది.

ఇక పోటు సంగతి. కువైట్ తీరంలో పోటుకీ పాటుకీ నీటి ఎత్తులో తేడా చాలా ఎక్కువ, పెద్ద పోటు రోజుల్లో మూడు మీటర్లు దాటుతుంది. ఉదయం మీరు బకెట్టు పెట్టిన రాయి రెండు గంటల్లో నీళ్లలో ఉండొచ్చు. ఫోన్‌లో సాల్మియా పోటు వేళలు చూపించే యాప్‌లు ఉన్నాయి. అయితే వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్ కూడా సగం సమాచారం చెప్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ అటూఇటూ పోటు పెద్దది, నీటి లాగుడు బలంగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో పోటు చిన్నది, నీరు నెమ్మదిగా కదులుతుంది. కొత్తవాళ్లు అష్టమికి దగ్గరలో ఒక సెలవు రోజు చూసుకుంటే బరువు కొట్టుకుపోదు, దారం చిక్కుపడదు. నీరు పెరుగుతున్న చివరి రెండు గంటల్లో చేపలు మేత కోసం రాళ్ల దగ్గరికి వస్తాయి. ఆ వేళకు తెల్లవారుజామో సాయంకాలమో కలిస్తే ఇంకా మంచిది.

సామాను: తక్కువతో మొదలు

దుకాణంలో అడుగుపెడితే రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, వంద రకాల డబ్బాలు కనిపిస్తాయి. వాటిలో తొంభై వంతులు మొదటి ఏడాది మీకు పనికిరావు. కావలసినవి ఇవి.

రాడ్: 7 నుంచి 8 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 'మీడియం లైట్' లేదా 'మీడియం' అని రాసి ఉన్నది. రెండు ముక్కలుగా విడిపోయేదైతే లిఫ్టులోనూ కారులోనూ ఇబ్బంది ఉండదు. 12 అడుగుల బరువైన రాడ్ అంటగట్టబోతే వద్దనండి, అరగంటలో భుజం నొప్పి పుడుతుంది.

రీల్: 3000 సైజు స్పిన్నింగ్ రీల్. ఉప్పునీటికి తగినదని రాసి ఉందో లేదో చూడండి.

దారం: 10 నుంచి 12 పౌండ్ల బలం ఉన్న ఒంటిపోగు నైలాన్. కాస్త సాగుతుంది కాబట్టి చేప లాగినప్పుడు మీ తొందరను అదే సర్దుకుంటుంది. అల్లిక దారం సన్నగా, బలంగా ఉంటుంది కానీ చిక్కుపడితే విప్పడం కష్టం, వేలిని కోస్తుంది కూడా. దాన్ని రెండో ఏడాదికి వదిలేయండి.

కొక్కేలు: 6, 4, 2 సైజులు కొన్ని కొన్ని. ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. చిన్న కొక్కేనికి పెద్ద చేపా పడుతుంది, పెద్ద కొక్కెం చిన్న చేప నోట్లో పట్టదు.

మిగతావి: మధ్యలో బొక్క ఉన్న సీసపు గుండ్లు, స్వివెళ్లు, ఒక పూస ప్యాకెట్టు, ముక్కు పొడవున్న పటకారు, చిన్న కత్తెర, పాత టవల్, బకెట్టు. సీసాన్ని పళ్లతో నొక్కొద్దు. దాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లలకు తినడానికి పెట్టండి.

ఎర కోసం వెతకనక్కరలేదు. జమియాలో దొరికే పచ్చి రొయ్యను వేలి కణుపంత ముక్కలు చేస్తే చాలు. స్క్విడ్‌ను సన్నని పట్టీలుగా కోస్తే కొక్కెం మీద ఇంకా గట్టిగా నిలుస్తుంది.

ముడి, విసురు

గాలం ఎక్కువగా తెగేది ముడి దగ్గరే. మల్లెలు మాల కట్టిన వేళ్లకు ఈ ముడి పెద్ద పనేమీ కాదు. దారం కొసను కొక్కెం చెవిలోంచి తీసి, అసలు దారం చుట్టూ అయిదారు మెలికలు తిప్పండి. కొసను చెవి పక్కనే ఏర్పడిన చిన్న కన్నంలోంచి, తర్వాత పైన ఏర్పడిన పెద్ద కన్నంలోంచి పోనివ్వండి. నీటితో తడిపి మెల్లగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడికి దారం కాలి బలం పోతుంది. ఇంట్లో టీవీ ముందు ఇరవై సార్లు కట్టి చూడండి.

కూర్పు కూడా తేలికే. అసలు దారానికి సీసపు గుండు, దాని కింద పూస ఎక్కించి, చివర స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో చెవికి ఒక జానెడున్నర దారం, దాని కొసన కొక్కెం. చేప ఎర లాగితే దారం గుండులోంచి జారుతుంది, చేపకు బరువు తెలియదు.

విసరడం నేర్చుకోవడానికి కొక్కెం అక్కరలేదు. ఖాళీ మైదానంలో ఉత్త గుండుతో సాధన చేయండి. చూపుడు వేలితో దారాన్ని రాడ్‌కు ఆనించి పట్టుకోండి, రీల్ మీది తీగ తెరవండి, రాడ్‌ను వెనక్కి తీసుకెళ్లి ముందుకు తెచ్చేటప్పుడు నుదుటి ఎత్తు దాటగానే వేలు వదలండి. గుండు కాళ్ల దగ్గరే పడితే వేలు ఆలస్యంగా వదిలారని, ఆకాశానికి పోతే తొందరగా వదిలారని అర్థం. సముద్రం దగ్గర ప్రతిసారీ విసరడానికి ముందు వెనక్కి తిరిగి చూడండి. వాకింగ్ చేసేవాళ్లు, సైకిళ్ల మీద పిల్లలు ఉంటారు.

రీల్ పైన ఉండే బిగింపు మరను డ్రాగ్ అంటారు. చేప గట్టిగా లాగితే దారం కొంచెం కొంచెంగా వదిలేలా దాన్ని సడలించి పెట్టండి. దారం బలంలో మూడో వంతు కన్నా తక్కువ లాగుడుకే రీల్ తిరగాలి. పూర్తిగా బిగిస్తే మొదటి పెద్ద చేపకే దారం పుటుక్కుమంటుంది.

ఏం పడుతుంది, ఏం పడదు

మనకు ఇష్టమైన చందువ, ఇక్కడి జుబైదీ, గాలానికి మామూలుగా పడదు. అది వలల చేప. దానికోసం చేపల మార్కెట్టుకే వెళ్లాలి. కువైట్ తీరంలో రాళ్ల దగ్గర గాలానికి వచ్చేవాటిలో షేమ్, సుబైటి, నగ్రూర్, చిన్న హమ్మూర్ ఉంటాయి. షేమ్ రెక్కలు పసుపుపచ్చగా ఉంటాయి, రొయ్యముక్కంటే ప్రాణం. మొదట సన్నగా రెండుసార్లు తడుతుంది, మూడోసారి లాగుతుంది. ఆ మూడోదాని దాకా ఆగడమే కష్టం.

జాగ్రత్త పడవలసినవీ ఉన్నాయి. సాఫీ అనే చేప రెక్కల ముళ్లలో విషం ఉంటుంది. జెల్ల జాతి చేపల ముళ్లు కూడా ప్రమాదమే. గుర్తుపట్టలేని చేపను చేత్తో ముట్టకండి, టవల్‌తో పట్టి పటకారుతో కొక్కెం తీయండి, లేదా దారం కోసేయండి. ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, దాదాపు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని గాయం లేని చేత్తో ముందు చూడండి. ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 112కు ఫోన్ చేయండి. ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్తే టీకీ పనికొస్తాయి, దీనికీ పనికొస్తాయి.

అరచేతి కన్నా చిన్న చేపను తడి చేత్తో పట్టుకుని తిరిగి నీళ్లలో వదిలేయండి. కొక్కెం మీది ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కి పెడితే తీయడం తేలిక. చేపకూ, మీ వేలికీ.

ఎవరితో, ఎలా

ఒంటరిగా వెళ్లొద్దు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిస్తే మంచిది, ఇంట్లో చోటూ వేళా చెప్పి వెళ్లండి. పాచి పట్టిన రాళ్ల మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. చున్నీ నడుముకు కట్టేయండి, జడ ముడి వేయండి. వదులుగా వేలాడేది ఏదైనా రీల్‌లో చిక్కుకుంటుంది. తెగిన దారం ముక్కను ఒడ్డున పారేయకండి. పక్షుల కాళ్లకు చుట్టుకుంటే అవి చస్తాయి.

ఇంకో మాట. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో పనిచేసే మన అక్కలు ఎందరో ఉన్నారు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వాళ్లకు వారానికి ఒక రోజు సెలవు హక్కు. మీకు తెలిసినవాళ్లుంటే ఆ రోజున వాళ్లనూ పిలవండి. గోదావరి ఒడ్డున పెరిగిన అక్క ఉంటే ఎర గుచ్చడం మనకే నేర్పుతుంది.

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్లకు

డెట్రాయిట్ దగ్గరి సెయింట్ క్లెయిర్ సరస్సు ప్రాంతంలోనో, ఒంటారియోలోనో ఉన్నవాళ్లకు మొదటి చేప స్మాల్‌మౌత్ బాస్ కావొచ్చు. మంచినీటి చేప అది, రాళ్ల అడుగున్న నదులూ సరస్సులూ దాని ఇల్లు, ఎండ్రకాయలాంటి క్రేఫిష్ దాని ఇష్టమైన మేత. పైన చెప్పిన సామాను కన్నా ఒక మెట్టు తేలికైనది చాలు: ఆరున్నర నుంచి 7 అడుగుల రాడ్, 2500 రీల్, 6 నుంచి 8 పౌండ్ల దారం. ఎరగా చిన్న జిగ్‌కు గుచ్చిన మెత్తని ప్లాస్టిక్ పురుగును అడుగున మెల్లగా జరుపుతూ లాగండి. మీ రాష్ట్రపు ఫిషింగ్ లైసెన్స్ ముందు తీసుకోండి. వసంతంలో గూడు కాపలా కాసేది మగచేప. దాన్ని పట్టుకుపోతే గుడ్లను వేరే చేపలు తినేస్తాయి, అందుకే కొన్నిచోట్ల ఆ కాలంలో బాస్ వేటకు సెలవు ఉంటుంది.

మొదటి రోజు

మొదటి రోజుకు రెండు గంటలు చాలు. అనుమతి అడిగిన చోటు, అష్టమి దగ్గరి రోజు, పోటు పెరిగే వేళ, ఒక్క రాడ్, రెండు వందల గ్రాముల రొయ్యలు. ఫోన్ బ్యాగులో పెట్టండి. దారం మీద వేలు ఆనించి ఉంచితే అలకూ చేపకూ తేడా ఆ వేలికే తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరి టిఫిన్ డబ్బా, ఎవరి హోంవర్కు అన్నది గుర్తుకు రాదు.

ఇంటికి రాగానే రాడ్‌నూ రీల్‌నూ మంచినీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు రీల్‌ను తినేస్తుంది. చేప పడకపోతే మిగిలిన రొయ్యలు ఉన్నాయి కదా. ఎరకని కోసినవి కాకుండా కొన్ని ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంచి వెళ్లండి, ఆ రాత్రికి ఇగురు పెట్టుకోవచ్చు.