మద్రాసులో కూర్చుని విజయవాడ వినే రోజులు పోతున్నాయా?

రేడియో ఇంకా ఉందా తాతా అని పిల్లలు అడుగుతున్నారు. ఉంది. ఎన్నాళ్లుంటుంది, ఎవరి కోసం ఉంటుంది అన్నదే సందేహం. పాటలు పోతాయని నా బాధ కాదు. పాటలు ఫోన్లో కావలసినన్ని ఉన్నాయి. మద్రాసులో ఉండి, పైసా ఖర్చు లేకుండా, విజయవాడ తెలుగు వినే దారి ఒకటి మనకుంది. దాని సంగతి రాస్తున్నాను.

రేడియో మూతపడటం మన ఊరికి కొత్త కాదు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి గారు ఇంకొందరితో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టారు. డబ్బు చాలక 1927లోనే ఆపేశారు. ఆ మిషన్ని కార్పొరేషన్ తీసుకుని 1930 నుంచి తనే నడిపింది. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడ్ స్పీకర్లు పెట్టి, సెట్టు కొనలేనివాడు కూడా నిలబడి వినేటట్టు చేసింది. చెత్త ఎత్తించే కార్పొరేషనే పాటలు కూడా వినిపించిందన్నమాట! 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు స్టేషన్ వచ్చాక వాళ్లు ఆ పని మానుకున్నారు.

ఆ స్టేషన్లో తెలుగు బాగానే ఉండేది. న్యాయపతి రాఘవరావు గారు రేడియో అన్నయ్యగా, కామేశ్వరి గారు రేడియో అక్కయ్యగా పిల్లల ప్రోగ్రాం మొదలుపెట్టింది ఇక్కడే. బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఉద్యోగంలో చేరిందీ మద్రాసు రేడియోలోనే. 1948 డిసెంబర్ 1న విజయవాడ స్టేషన్ తెరిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. తెలుగు రేడియో బరువంతా అటు పోయింది. మిల్లుల్లో, రైల్వేలో, కార్పొరేషన్లో పని చేసుకునే మనం మటుకు పెరంబూరు, పులియంతోపు, వ్యాసర్పాడి పేటల్లోనే ఉండిపోయాం.

అయినా ఆ గొంతు మనల్ని వదల్లేదు. మగ్గాల మోతలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడికి చెవి సగం పని చెయ్యదు. సెట్టు చెవికి ఆనించుకుని ముల్లు తిప్పుకుంటూ పోతే, గరగరలోంచి తెలుగు పైకి వచ్చేది. సెట్టునే కొంచెం పక్కకి తిప్పితే ఇంకా తేటపడేది. సినిమాకి డబ్బుల్లేని నెల ఆడవాళ్లకి సంక్షిప్త శబ్దచిత్రమే సినిమా. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేసేవారు. హైదరాబాద్ స్టేషన్లో కార్మికుల కార్యక్రమం అని మనలాంటి వాళ్ల కోసమే ఒకటుండేది. చిన్నక్క మాటలు విన్నవాళ్లు మరిచిపోరు. ఆ రోజుల్లో సెట్టుకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. కట్టకుండా దుప్పటి కింద పెట్టుకుని విన్నవాళ్లూ మన పేటలో ఉన్నారు, పేర్లు రాయను.

సుమారు 430 కిలోమీటర్ల దూరం నుంచి ఆ గొంతు ఎలా వచ్చేది? అది మీడియం వేవ్. పగలు నేలను పట్టుకుని కొంత దూరం పోతుంది. చీకటి పడ్డాక ఆకాశంలో పైపొరకి తగిలి వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. రాష్ట్రం సరిహద్దు దానికి తెలియదు. ఎఫ్ఎం అలా కాదు. శబ్దం శుభ్రంగా ఉంటుంది గానీ టవరు చూపు మేరకే పోతుంది, యాభై అరవై కిలోమీటర్లు దాటితే పలచబడిపోతుంది. మన దేశంలో మొదటి ఎఫ్ఎం 1977లో మన మద్రాసులోనే పెట్టారు. అది మనకి గొప్పే.

ఇప్పుడు సర్కారు చూపంతా ఆ ఎఫ్ఎం మీదే. మీడియం వేవ్‌కి ఎత్తైన స్తంభాలు, ఎకరాల కొద్దీ స్థలం, బోలెడు కరెంటు కావాలి. మిషన్లు పాతబడ్డాయి, చాలాచోట్ల ఆపేస్తున్నారు. 2023 జనవరిలో కేంద్రం ఆకాశవాణికి, దూరదర్శన్‌కి కలిపి 2,539 కోట్ల పథకం ఒప్పుకుంది. ఎఫ్ఎం అందే జనాన్ని 68 శాతం నుంచి 80కి పెంచుతామన్నారు. మంచిదే, కాదనను. పల్లెలో ఉన్నవాడికి ఎఫ్ఎం దగ్గరికొస్తుంది. కానీ మద్రాసులో తెలుగువాడు ఏ లెక్కలోకి వస్తాడు? విజయవాడ వాళ్లు తమ రాష్ట్రంలో వినేవాళ్లని లెక్కేసుకుంటారు. చెన్నై వాళ్లు తమిళం వినేవాళ్లని లెక్కేసుకుంటారు. రెండు మస్టర్ రోల్‌లలోనూ మన పేరు లేదు. మస్టర్‌లో పేరు లేనివాడికి మిల్లులో ఏం దక్కేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రైవేటు ఎఫ్ఎంలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, రోజంతా తమిళ సినిమా పాటలు. వాటికి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలే వేసుకోవాలి. ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ అని ఆకాశవాణి వాళ్లదే ఒక యాప్ ఉంది. మా మనవరాలు పెట్టిచ్చింది. విజయవాడ గాజుబొమ్మలా తళతళలాడుతూ వినిపించింది. ఆ మాట ఒప్పుకోవాలి. రీఛార్జి అయిపోయిన రోజు అదీ మూగబోయింది.

అసలు అవసరం వానల్లో తెలుస్తుంది. 2015 డిసెంబర్ వరద, 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను, 2023 డిసెంబర్‌లో మిచాంగ్. కరెంటు పోయింది, ఫోను చార్జింగు పోయింది, తరవాత సిగ్నలూ పోయింది. రెండు పెన్సిల్ బ్యాటరీలు వేసిన సెట్టు మాత్రం మాట్లాడింది. నీళ్లలో మునిగిన వీధిలో తుపాను ఎటు పోతోందో చెప్పే గొంతు అదొక్కటే. ఐటీ మంత్రిత్వ శాఖ కూడా 2023లో ఫోన్లలో ఎఫ్ఎం తీసెయ్యొద్దని కంపెనీలకి చెప్పింది. నార్వేలో 2017లో పెద్ద స్టేషన్లన్నీ ఎఫ్ఎం కూడా ఆపేసి డిజిటల్‌కి మారాయి. అక్కడ ఇళ్లల్లో కొత్త సెట్టు కొనే స్తోమత ఉంది. మన డిజిటల్ సెట్టు వేలల్లో ఉంది, కొన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్లు 2008 నుంచి సంఘం రేడియో అని సొంతంగా నడుపుతున్నారు. విత్తనాల గురించి, వంటల గురించి, వాళ్ల మాటలో వాళ్లే. మన ఊళ్లో అన్నా యూనివర్సిటీకి 2004 నుంచే అలాంటిది ఉంది. 2006 తరవాత లాభం చూసుకోని సంఘాలకీ అనుమతి ఇస్తున్నారు. మన సంఘం పెట్టగలదా అంటే, ఈ పుస్తకం అచ్చుకే చందాలు వసూలు కావడం లేదు. మాటవరసకి రాశాను.

ఇప్పటికి చెయ్యగలిగింది చెబుతాను. రిచీ స్ట్రీట్‌లో సెట్టు కొంటే ఎఫ్ఎం ఒక్కటే ఉన్నది తీసుకోకండి, మీడియం వేవ్ కూడా ఉందా అని అడిగి తీసుకోండి. రాత్రి ఎనిమిది దాటాక 837 దగ్గర ముల్లు పెట్టండి. గరగర ఎక్కువైతే ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జరు ఆపి చూడండి, సగం మోత వాటిదే. వినిపిస్తే ఒక కార్డు ముక్క మీద మీ పేట, తేదీ, టైము, ఏ ప్రోగ్రామో రాసి పత్రికకి పంపండి. వినిపించకపోయినా అలాగే రాయండి. అన్నీ కట్ట కట్టి విజయవాడ స్టేషన్‌కి పంపే పని నేను చూసుకుంటాను.