పట్టిక పోయిన రేడియో పెట్టె

విజయవాడలో మా మేనమామగారి యింటి ముందుగదిలో, గోడ నానుకొనియున్న టేకుబల్లపైన, పండ్రెండేండ్లుగా ఒక రిసీవరు నిలిచియున్నది. జపాను కంపెనీ చేసిన యంత్రము. కదల్పవలెనన్న రెండు చేతులును, కొంత జాగ్రత్తయు కావలెను. దాని కిరుప్రక్కల నున్న స్పీకర్లలో తంబురా శ్రుతి పలికినప్పుడు ఆ నాదము వీధి యరుగువరకు వచ్చి, దారిని పోవువారిని ఒక్క క్షణము నిలుపుట నేనెరుగుదును. తెల్లవారకముందే లేచి, కాఫీగ్లాసు చేతబట్టుకొని, రిమోటుపై ఒకటవ అంకెను నొక్కి, సముద్రముల కావలి గడ్డనుండి ఇంటర్నెట్టు మార్గమున రాత్రింబవళ్లు ప్రసారమగు కర్ణాటక సంగీతమును వినుట ఆయనకు సంధ్యావందనమువలె నిత్యకృత్యము. ఒకనాటి యుదయమున అంకెను నొక్కినను సంగీతము రాలేదు. చిన్న తెరపై అక్షరములు కొంతసేపు మిణుకుమిణుకుమని, సర్వరుతో సంబంధము కుదురలేదని తెలిపి, యంత్రము మౌనము వహించెను.

"ఏమిరా, పెట్టె పోయిందంటావా?" అని ఆయన నాకు ఫోను చేసిరి. మరమ్మతు చేయువానిని పిలిపింపగా, అతడు మూత విప్పకయే, "ఈ మోడలుకి ఇంక ఆ సర్వీసు లేదండీ, కొత్తది తీసేసుకోండి" అని చెప్పి పోయెనట. ఆ మాటలో సగము సత్యము, సగము అన్యాయము. సర్వీసు లేకపోవుట సత్యము; దానికై యంత్రమును పారవేయుమనుట అన్యాయము. ఏలయన ఆ పెట్టెలో సీడీ పాడుచునే యున్నది, టీవీ ధ్వని వచ్చుచునే యున్నది, ఎఫ్‌ఎమ్ పలుకుచునే యున్నది. అంతకంటె విచిత్రమేమన, ఏ స్టేషను రాలేదని ఆయన చింతించుచుండిరో ఆ స్టేషనే నా ఫోనులో నిరాటంకముగ పాడుచుండెను. పాడువా రున్నారు, పలికించు పెట్టె యున్నది. నడుమ తెగిన దేమి?

తెగినది ఒక పట్టిక. ఇంటర్నెట్టు రేడియోకు మన పాత రేడియోవలె మీటరు ముల్లు లేదు. ఆకాశములో విద్యుత్తరంగములు తమంతట తామే వచ్చి యేరియలుకు తగులునట్లు ఇక్కడ ఏదియు రాదు. ప్రతి స్టేషనునకు ఒక చిరునామా కలదు, ఆ చిరునామా తెలిసిన యంత్రమే పోయి దానిని అడిగి తెచ్చుకొనవలెను. ఆ చిరునామాలు పొడవైనవి, అర్థములేని యక్షరముల గుంపులు. పైగా పాత పంచాంగమును చూచి నేటి తిథిని చెప్పుట యెట్టిదో, నిరుటి చిరునామాతో నేటి స్టేషనును వెదకుట యట్టిది. కనుక కంపెనీలవారు చిరునామాలను యంత్రములో పెట్టక, చిరునామాల పట్టికను నడుపు వేరొక సంస్థయొక్క చిరునామాను మాత్రమే అందులో పొదిగిరి. యమహా, డెనాన్, మరాంట్జ్, ఆంకియో మొదలగు పేరుగల కంపెనీల రిసీవర్లలో పెక్కింటికి ఆ పట్టికను అందించిన సంస్థ వీట్యూనర్. రిమోటుపై మనము "దేశములు", "భాషలు", "సంగీత భేదములు" అని చూచి యెన్నుకొనునదంతయు యంత్రములోనిది కాదు. అప్పటికప్పుడు దూరమున నున్న సర్వరు పంపిన జాబితా. మేనమామగారి ఒకటవ అంకెలో దాగియున్నది సైతము స్టేషను చిరునామా కాక, ఆ పట్టికలో దాని కీయబడిన వరుససంఖ్య వంటి గుర్తు మాత్రమే. ఆ పెట్టెకు పట్టిక అందుట నిలిచిన దినముననే ఆ గుర్తునకు అర్థము పోయెను.

ఈ యేర్పాటు ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పుట యుక్తము. 1993లో అమెరికాలో కార్ల్ మలముడ్ అను నాతడు ఇంటర్నెట్ టాక్ రేడియో పేరిట ధ్వని ఫైళ్లను పంచిపెట్ట నారంభించెను. 1994 నవంబరులో నార్త్ కెరోలినా రాష్ట్రపు చాపెల్ హిల్ నగరములోని విద్యార్థుల స్టేషను డబ్ల్యూఎక్స్‌వైసీ తన ప్రసారమును ఇంటర్నెట్టులోనికి మళ్లించెను. ఎంపీత్రీ ప్రచారములోనికి వచ్చి, 1999 ప్రాంతమున షౌట్‌క్యాస్ట్ వంటి సాధనములు లభింపగా, ఒక కంప్యూటరు గలవాడెల్ల స్టేషను నడుప గలిగెను. సెకనునకు 128 కిలోబిట్ల చొప్పున వచ్చు ప్రసారము గంటకు సుమారు 58 మెగాబైట్లే యగుటచేత, ఇండ్లకు బ్రాడ్‌బ్యాండు రాగానే రిసీవరు చేయువారు ఈ సౌకర్యమును తమ పెట్టెలకు జోడించి ప్రకటనలలో గొప్పగా చెప్పుకొనిరి.

చెప్పుకొనుట యొక పని, నిలుపుకొనుట మరియొక పని. రిసీవరు అమ్ముడగునది ఒక్క పర్యాయము. పట్టికను పోషించు శ్రమ ప్రతిదినము. స్టేషన్లు పుట్టును, చచ్చును, పేరు మార్చుకొనును, ఇల్లు మారును. వానిని కనిపెట్టి దిద్దువారికి జీతములు, సర్వర్లకు అద్దెలు ఏటేటా కావలెను. కొన్నవాడు ఒక్కసారి యిచ్చిన ధరనుండి ఆ వ్యయమును ఎన్నేండ్లు భరింపగలరు? ఈ ప్రశ్నకు కంపెనీలవద్ద సమాధానము లేకుండెను. కాలమే సమాధానము చెప్పెను. 2019లో ఎన్నో రేడియోలలో నున్న ఫ్రాంటియర్ సిలికన్ భాగములు వీట్యూనర్ పట్టికను విడిచి వేరొక పట్టికకు మారినవి. చాల మంది నమ్ముకొనిన రెసీవా అను మరియొక పట్టిక 2021లో మూతబడినది. ఆంకియో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2022 మే నెలలో దివాలా అర్జీ పెట్టుకొన్నది. స్క్వీజ్‌బాక్స్ అను పెట్టెలకు ఆధారమైన సర్వరును లాజిటెక్ 2024లో ఆపివేసినది. ఇందెవరిని దూషింపవలెనో నేను చెప్పలేను. కాని డబ్బిచ్చి కొన్నవానికి, నీవు కొన్నది పెట్టెనే కాని దాని చూపును కాదు అని అమ్మకమునాడే చెప్పియుండవలసినదని నా దృఢాభిప్రాయము.

ఇక ఉపాయము. పట్టిక లేనిచో మనమే పట్టిక యగుదము అని తలచినవారు కొందరుండిరి. జర్మనీ, పోలండు, ఎక్కడివారైన నేమి, తమ యింట మూగవోయిన రిసీవరును చూచి యూరకుండలేని వారు. వారు చేసిన పనిని అర్థము చేసికొనుటకు, యంత్రము మేల్కొనగానే చేయు మొదటి ప్రశ్నను గమనింపవలెను. దానికి తెలిసినది వీట్యూనర్ పేరుతో ముగియు ఒక నామము. నామమును బట్టి ఇంటర్నెట్టులో ఎవరినైనను చేరుట సాధ్యము కాదు. నామమునకు సరియగు అంకెల చిరునామాను చెప్పునది డీఎన్‌ఎస్ అను వ్యవస్థ. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు నాలుగు రోడ్ల కూడలిలో కిళ్లీకొట్టువానిని "ఫలానావారి యిల్లెక్కడండీ" అని యడుగునట్లు, రిసీవరు డీఎన్‌ఎస్‌ను అడుగును. అది ఏ యిల్లు చూపిన ఆ యింటికే నిస్సందేహముగ పోవును. ఆ కిళ్లీకొట్టు మన యింటిలోనిదే యైనచో? "వీట్యూనర్ వారి యిల్లా, అదిగో మీ గదిలోనే, పుస్తకాల బీరువామీద" అని చూపినచో? అంతయు నిక్కడనే యున్నది. బీరువామీద నున్న చిన్న కంప్యూటరు, తాను దూరదేశపు సర్వరునైనట్లు, రిసీవరునకు బదులు చెప్పుచుండును.

ఆ బదులు చెప్పు ప్రోగ్రాములలో ప్రసిద్ధమైనది వైక్యాస్ట్. పైథాన్ భాషలో వ్రాయబడి, ఎవరైనను ఉచితముగ తీసికొని, చదివి, మార్చుకొనుటకు వీలుగా విడువబడినది. దానినుండి స్ఫూర్తి పొంది ఫ్రీ పాస్కల్‌లో వ్రాయబడినది వైట్యూనర్. డీఎన్‌ఎస్ పనిని కూడ తానే చేసికొనుట దీని విశేషము. వీనిలో నాకు మిక్కిలి ముచ్చట గొల్పిన ఘట్టము తొలి పలుకరింపు. యంత్రము వచ్చి, నేనెవరినో చూచి నాకొక రహస్యపు ముద్ర నిమ్మని అడుగును. నిజమైన సర్వరు ఆ ముద్ర ఆధారముగ వచ్చిన యంత్రమేదో గుర్తించుకొనును. వైక్యాస్ట్ మాత్రము పదునారు సున్నలను వ్రాసి యిచ్చును. యంత్రము ఆ పదునారు సున్నలను భక్తితో స్వీకరించి, తృప్తిచెంది, తరువాతి ప్రశ్నకు పోవును. అటుపిమ్మట జరుగు సంభాషణమంతయు కంటితో చదువదగిన సాదా వ్రాత: ఇది ఒక అర, ఇది ఒక స్టేషను, దీని పేరిది, దీని చిరునామా యిది. చిరునామా చేత పడగానే రిసీవరు నేరుగా స్టేషనువద్దకు పోయి పాటను తెచ్చుకొనును. మన చిన్న కంప్యూటరు నడుమ నుండి తప్పుకొనును. అందుచేత దానికి బలము కావలసిన పనిలేదు. రాస్ప్‌బెర్రీ పై అను, అరచేతిలో నిముడు, కొలది వాట్ల విద్యుత్తుతో నడుచు పలక చాలును. మూలబడిన పాత ల్యాప్‌టాప్ అయినను చాలును.

పట్టికలోనికి స్టేషన్లు ఎక్కడివి అందురా? రేడియో బ్రౌజర్ అను సార్వజనిక భాండారము కలదు. లోకములోని శ్రోతలే వేలకొలది స్టేషన్లను అందు చేర్చి, చచ్చినవానిని తొలగించి, దేశమును భాషను గుర్తించి పెట్టుచున్నారు. తెలుగు భాష క్రింద వెదకినను స్టేషన్లు దొరకును. వైక్యాస్ట్ దానిని అడిగి తెచ్చి రిసీవరు తెరపై చూపును. ఇదిగాక మన సొంత జాబితాను ఒక చిన్న ఫైలులో వ్రాసికొనవచ్చును: పైన అర పేరు, దానిక్రింద కొంత లోపలికి జరిపి స్టేషను పేరు, రెండు చుక్కలు, చిరునామా. ఆ జరుపుటకు ఖాళీలనే వాడవలెను గాని ట్యాబు మీటను నొక్కరాదు. ఈ సంగతి తెలియక నేను ఒక సాయంకాలమెల్ల పోగొట్టుకొంటిని. చదువరులకు ఆ సాయంకాలమైనను మిగులునని చెప్పుచున్నాను.

మరి రెండు మూడు మెలకువలు. ఆ చిన్న కంప్యూటరు ఇంటిలో ఎల్లప్పుడు ఒకే అంకెల చిరునామాతో ఉండునట్లు రూటరులో కట్టడి చేయవలెను. రిసీవరు 80వ సంఖ్య గల ద్వారమునే తట్టును కనుక ప్రోగ్రాము అక్కడనే కాచుకొని యుండవలెను. ఇంటర్నెట్టు కంపెనీలు మన యిండ్లలో పెట్టు రూటర్లు పెక్కు డీఎన్‌ఎస్‌లో క్రొత్త పేర్లు చేర్చ నీయవు. అట్టిచో రిసీవరు నెట్‌వర్కు అమరికలోనికి పోయి, తనంతట తాను చిరునామా తీసికొను పద్ధతిని ఆపి, డీఎన్‌ఎస్ గడిలో మన చిన్న కంప్యూటరు అంకెలను చేతితో వ్రాయుటయే మార్గము. ఈ పాత యంత్రములకు గూఢలిపి తెలియదు, తాళము లేదు. కావున ఈ యేర్పాటును ఇంటి గోడలలోపలనే ఉంచవలెను గాని బయటి ఇంటర్నెట్టునకు తెరచి పెట్టరాదు.

ఇంత శ్రమ యెందుకు, ఫోనును తీగతోనో బ్లూటూత్‌తోనో తగిలింపరాదా యని కొందరు మిత్రు లడిగిరి. తగిలింపవచ్చును. కాని డెబ్బది యెనిమిదేండ్ల వృద్ధుడు, కంటి శుక్లములకు శస్త్రచికిత్స యైనవాడు, చీకటిలో చేతికి తగులు గట్టి అంకెల రిమోటును విడిచి, జారు గాజుపలకపై చిన్న బొమ్మలను వెదకుట సౌకర్యమా? నడుమ ఎవరైన ఫోను చేసిన ఆలాపన తెగిపోవును. రేడియో యనగా ఎవరిదియు గాని, గదిలో నున్నవారందరిది యగు ధ్వని. ఆ గుణమును కాపాడుట శ్రమకు తగిన పనియే యని నా మనస్సు చెప్పినది.

పట్టిక మరల వచ్చిన పిమ్మట మేనమామగారు క్రొత్త కోరిక కోరిరి. శాస్త్రీయ సంగీతమునకై ఆకాశవాణి 2016లో నెలకొల్పిన రాగం ప్రసారము ఈ పెట్టెలో రావలెను. ఇక్కడ వేరొక చిక్కు కలదు. ఆకాశవాణి ఇంటర్నెట్టు ప్రసారములు హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో వచ్చును. అనగా ధ్వని ఏకధారగా గాక కొన్ని సెకనుల ముక్కలుగా కోయబడి, ముక్కల జాబితాతో సహా వచ్చును. ఆ పద్ధతి వ్యాపింపకముందు రూపొందిన రిసీవర్లకు ఈ ముక్కలను కూర్చుకొను విద్య లేదు. గూఢలిపితో మాత్రమే వచ్చు స్టేషన్ల చిక్కు కూడ ఇట్టిదే. కనుక చిన్న కంప్యూటరులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను సాధనముతో ముక్కలను కలిపి, ఎంపీత్రీ ధారగా మార్చి, ఐస్‌క్యాస్ట్ అను ప్రోగ్రాముద్వారా ఇంటిలోపలనే ఒక స్టేషనువలె ప్రసారము చేయించి, ఆ యింటి చిరునామాను మన జాబితాలో వ్రాసితిమి. ఇప్పుడు ఆ పలకకు కొంచెము పని పెరిగినది. అయినను చేయి పెట్టి చూచిన గోరువెచ్చగా మాత్రమే యున్నది. విజయవాడ కేంద్రపు ప్రసారమును కూడ ఆ దారినే చేర్చితిమి. పాత పట్టిక బ్రతికియున్న దినములలో ఆ పెట్టె వీనిలో దేనిని పలికి యెరుగదు.

మరునాటి యుదయము వార్తల వేళకు వంటింటిలో అత్తయ్యగారి ట్రాన్సిస్టరు ముందు పలికెను. ముందుగదిలోని రిసీవరు అదే వాక్యమును అరనిమిషము వెనుక పలికెను. ముక్కలు చేరి, కలిసి, మరల ధారయై వచ్చుటకు ఆ మాత్రము కాలము పట్టునని నేను వివరించితిని. మేనమామగారు తల పంకించి, "వార్తలు మీ అత్తయ్య దగ్గరే వింటాలే. ఆలాపనకి తొందరేముందిరా?" అని రిమోటు నందుకొని ఒకటవ అంకెను నొక్కిరి.