గుడ్డు లేకపోతేనేం?

రెండేళ్ళ క్రితం మాట. మా అమ్మాయి పుట్టినరోజుకు వీధిలోని పిల్లలందరినీ పిలిచాము. "పులిహోర, జిలేబీ ఎప్పుడూ ఉండేవే, ఈసారి కట్లెట్లు చెయ్యవే అమ్మా" అని అది పట్టుబట్టింది. వంటల పుస్తకం ముందు పెట్టుకొని, అందులో రాసినట్లే బంగాళాదుంపల ముద్దను బిళ్ళలుగా తట్టి, గిలకొట్టిన గుడ్డులో ముంచి, బ్రెడ్డుపొడిలో దొర్లించి వేయించాను. ఎర్రగా, కరకరలాడుతూ వచ్చాయి. నా మట్టుకు నేను మురిసిపోయాను కూడా.

ప్లేటు తిప్పుతూ ఉంటే పక్కింటి కుర్రవాడు, ఏడేళ్ళవాడు, చెయ్యి చాచబోయి ఆగాడు.

"ఇందులో గుడ్డుందా అత్తా?" అన్నాడు.

"లేదురా నాన్నా, ఉత్త బంగాళాదుంపే" అన్నాను.

అబద్ధమాడాలని కాదు. నా దృష్టిలో గుడ్డంటే ఆమ్లెట్టు, గుడ్డంటే కూర. పైన పూసిన ఆ పలుచని పొర అసలు నా లెక్కలోకే రాలేదు. పావుగంట తిరగకుండా పిల్లవాడి పెదవులు వాచాయి. మెడమీద, చేతులమీద దద్దుర్లు లేచాయి. వాళ్ళమ్మ పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. సకాలంలో మందు పడింది కనుక రాత్రికి తేరుకున్నాడు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "అడిగే తిన్నానంటున్నాడండీ" అన్నది, అంతే. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పద్యాలకు అర్థాలు చెబుతున్నదాన్ని, పసివాడు అడిగిన మూడు మాటలకు అర్థం గ్రహించలేకపోయాను!

ఆనాటి నుంచి గుడ్డు లేకుండా ఈ పొర ఎలా పట్టించాలో నేర్చుకోవడం నాకొక పట్టుదల అయింది. నేర్చుకున్నది నలుగురికీ చెప్పడం న్యాయం కదా.

చిన్న విషయం కాదు

చిన్నపిల్లలకు పడని ఆహారాల్లో పాలు, గుడ్డు ముందు వరుసలో ఉంటాయి. చాలామందికి పెరిగేకొద్దీ ఈ బాధ తగ్గిపోతుంది. అయితే ఎవరికి తగ్గిందో తేల్చవలసినది వైద్యులు. "కొంచెం పెట్టి చూద్దాం" అని ఇంట్లో ప్రయోగాలు చేయరాదు. "బాగా వేగిందిగా, ఇంకా ఏముంటుంది?" అనుకోవడమూ పొరపాటే. తెల్లసొనలో ఉండే మాంసకృత్తుల్లో వేడికి అంత తేలికగా లొంగనివి ఉన్నాయి. గుడ్డు పూసిన వాటిని వేయించిన నూనెలోనే మిగతావి వేయించినా ప్రమాదమే. తిన్న తరువాత పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ బాధ లేని ఇళ్ళలో కూడా గుడ్డు ముట్టనివారు మనలో ఎందరో ఉన్నారు. ఆ పిల్లలకు కట్లెట్టు రుచి ఎందుకు దూరం కావాలి?

గుడ్డు చేసే పని ఏమిటి?

వ్యాకరణం చెప్పుకునేదాన్ని గనుక నా భాషలో చెబుతాను. లోపలి ముద్ద ఒక పదం, పైన బ్రెడ్డుపొడి మరొక పదం. గుడ్డు వచ్చి రెంటికీ సంధి కుదురుస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు జిగురుగా ఉండి పొడిని పట్టుకుంటుంది. 60 డిగ్రీలు దాటిన వేడిలో గట్టిపడి దాన్ని అక్కడే బిగిస్తుంది.

ఈ పని గుడ్డే చేయాలని ఎక్కడుంది? పిండిలోని గంజిపదార్థం కూడా ఇంచుమించు ఆ వేడికే నీరు పీల్చుకొని ఉబ్బి జిగురెక్కుతుంది. గోడలకు సినిమా పోస్టర్లు అంటించింది ఉడికించిన మైదాతోనే కదా! ఇంకా చెప్పాలంటే, పూర్ణం బూరెలు వండే జాతికి ఈ విద్య ఒకరు నేర్పాలా? మెత్తని పూర్ణాన్ని బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో ముంచి, నూనెలో చెదరకుండా వేయించడం మన అమ్మమ్మలకు వెన్నతో పెట్టిన విద్య.

నాలుగు మార్గాలు

మొదటిది మైదా. నాలుగు పెద్ద చెంచాల మైదా, ఒక చెంచా మొక్కజొన్నపిండి, చిటికెడు ఉప్పు కలిపి, ఆరేడు చెంచాల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపాలి. గరిటె వెనుక పట్టిన పిండిమీద వేలితో గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అదే పాకం. బజ్జీలపిండి అంత చిక్కన పనికిరాదు, సోడా అసలే వద్దు.

రెండవది శనగపిండి. బరువులో సుమారు అయిదో వంతు మాంసకృత్తులు ఉండడంవల్ల ఇది బాగా బిగుస్తుంది, రంగూ చక్కగా వస్తుంది. కలిపి పది నిమిషాలు నాననివ్వాలి. పచ్చివాసన గిట్టనివారు సగం మైదా కలుపుకోవచ్చు, కాస్త వాము నలిపి వేసుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఈ పద్ధతే.

మూడవది గట్టి పెరుగు. పనీరు ముక్కలకు, ఉడికించిన కాలీఫ్లవరుకు బాగుంటుంది. పాలు పడని పిల్లలకు మాత్రం ఇది కూడదు.

నాలుగవది అవిసె గింజల పొడి. ఒక చెంచా పొడికి మూడు చెంచాల నీళ్ళు పోసి పావుగంట ఉంచితే గుడ్డుసొనలాగే జారుడుగా తయారవుతుంది.

పొర ఊడకుండా

ఊడిపోవడానికి ముఖ్యకారణం తడి. బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లారిన తరువాత చిదమాలి. కూరముక్కలైతే బట్టతో తుడవాలి. ముందుగా పొడి మైదా అద్ది, ఎక్కువైనది దులిపి, ఆ తరువాతే జారుపిండిలో ముంచి, బ్రెడ్డుపొడిలో దొర్లించి అరచేత్తో నొక్కాలి. ఒక చెయ్యి తడిపనికి, రెండవది పొడిపనికి ఉంచుకుంటే వేళ్ళకే కట్లెట్లు తయారుకావు!

తరువాత అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. తొందరపడేవాళ్ళు ఇక్కడే చెడతారు. నూనె 170 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే కొంచెం పొడి వేసి చూడండి, వెంటనే నురగతో పైకి తేలాలి. మూడు నాలుగు కంటె ఎక్కువ ఒక్కసారి వేయకండి. నూనె చల్లారితే పొర నూనె పీల్చుకుంటుంది. ఓవెన్లో చేసేవారు బ్రెడ్డుపొడిని ముందే ఒక చెంచా నూనెతో దోరగా వేయించుకోవాలి. లేకపోతే ఎంతసేపు ఉంచినా పాలిపోయినట్లే ఉంటుంది.

ఇక బ్రెడ్డుపొడి. గుడ్డు అందులోనే దాగి ఉండవచ్చు. బన్నులకు మెరుపు రావాలని పైన గుడ్డుసొన పూసే బేకరీలు ఉన్నాయి. మన దేశంలో ప్యాకెట్టుమీద ఆకుపచ్చ గుర్తు ఉంటే గుడ్డు వేయలేదని అర్థం. పాలు ఉండవచ్చు. పడని పదార్థాల వివరం కూడా ప్యాకెట్టుమీద వేయాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చిన్న అక్షరాలైనా కళ్ళజోడు పెట్టుకొని చదవండి. గోధుమ పడని పిల్లలకు బ్రెడ్డుకు బదులు కచ్చాపచ్చాగా పొడిచేసిన అటుకులు, మైదాకు బదులు శనగపిండి వాడవచ్చు.

మొన్న మళ్ళీ పుట్టినరోజు వచ్చింది. ఈసారి పక్కింటావిడను ముందే వంటింట్లోకి పిలిచి, పిండీ, ప్యాకెట్టూ, కొత్త నూనె పోసిన మూకుడూ చూపించాను. పిల్లవాడు ప్లేటు ముందు నిలబడి మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "లేదురా. లోపల దుంప, మధ్యన శనగపిండి, పైన బ్రెడ్డు. మీ అమ్మ చూసింది" అన్నాను. వాడు నా మాట నమ్మలేదు. వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ తల ఊపిన తరువాత రెండు తీసుకున్నాడు.

నమ్మనందుకు నాకు కష్టం తోచలేదు. అలా చూడమని వాడికి నేర్పిన తల్లి మంచిపని చేసింది. మనం చేయవలసినదల్లా ఒక్కటే. పిల్లవాడు "ఇందులో ఏముంది?" అని అడిగితే, జవాబు చెప్పే ముందు ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి చూసి రావాలి.