గుర్తున్న చోట మినహాయింపు లేదు

గుజరాత్‌లోని కడోదరా చార్‌రస్తాలోనైనా, మన కరీంనగర్ టవర్ సర్కిల్‌లోనైనా మెడికల్ షాపులో డి విటమిన్ రెండు రకాలుగా దొరుకుతుంది. డాక్టరు వారానికొకటి రాసిచ్చే 60,000 యూనిట్ల క్యాప్సూల్ చట్టం దృష్టిలో మందు. రోజూ వేసుకునే తక్కువ మోతాదు డబ్బా చాలావరకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికొచ్చే పోషక పదార్థం. రెండింటి తొడుగూ జంతువుల నుంచి తీసే జెలటిన్‌దే కావచ్చు. అయినా శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, కాకపోతే గోధుమరంగు త్రిభుజం వేయాలన్న నియమం డబ్బాకే. మందు స్ట్రిప్ మీద అలాంటి గుర్తేమీ అక్కర్లేదు.

ఇస్లాం ధర్మశాస్త్రంలో లెక్క దీనికి తలకిందులు. చచ్చిన జంతువును, రక్తాన్ని, పందిమాంసాన్ని నిషేధించిన ఖురాన్ 2:173 వచనమే, వేరే దారిలేక తిన్నవాడికి పాపం లేదని కూడా చెబుతుంది. 5:3, 6:145, 16:115లోనూ అదే వెసులుబాటు. పండితులు దాన్ని మందులకు వర్తింపజేసేటప్పుడు అడిగేవి ముఖ్యంగా మూడు: జబ్బు నిజంగా ఉందా, నమ్మకమైన డాక్టరు చెప్పాడా, హలాల్‌ది మరొకటి దొరకదా? ఆల్కహాల్ కలిసిన మందుల గురించి 1986లో అమ్మాన్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ చేసిన తీర్మానం కూడా ఈ దారిలోనే నడిచింది.

ఒంట్లో నలతేమీ లేకుండా బలానికి మింగే సప్లిమెంట్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. 60,000 యూనిట్ల డోసు నిజంగా అవసరమైనా మూడో ప్రశ్న వదలదు, ఎందుకంటే అదే విటమిన్ పాలలో కలుపుకొనే పొడిగా, చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది. డి3 విటమిన్‌ను ఎక్కువగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు, దానితో పేచీ లేదు. పేచీ అంతా తొడుగుతోనే.

ఆ తొడుగు పుట్టేచోటు కడోదరాకు మరీ దూరమేం కాదు. 48వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళ్తే వాపిలో ఇండియా జెలటిన్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ ఉంది. మనదేశంలో మందుల జెలటిన్‌కు ముడిసరుకు ప్రధానంగా పశువుల ఎముకలే. వాటిని ఆమ్లంలో నానబెట్టి, వారాల తరబడి సున్నంలో ఉంచి, వేడినీటితో జిగురు తీస్తారు. దక్షిణ గుజరాత్‌లో డాభేల్ లాంటి మదర్సాలు అనుసరించే హనఫీ సంప్రదాయంలో, పంది మినహా చచ్చిన జంతువుల ఎండు ఎముక శుద్ధమే. అందుకని ఎముక జెలటిన్ ఇక్కడ మరీ పెద్ద చిక్కు కాదు.

పంది జెలటిన్ దగ్గర మాత్రం పండితులే రెండుగా చీలారు. దాన్ని ఆహారంలో వాడకూడదని 1986 అకాడమీ తీర్మానం. 1995లో కువైట్‌కు చెందిన ఇస్లామిక్ వైద్యశాస్త్రాల సంస్థ సదస్సులో వందమందికి పైగా పండితులు, రసాయనికంగా పూర్తిగా మారిపోయినది పాత వస్తువు కాదు కనుక అనుమతించవచ్చన్నారు. నాకైతే మొదటి మాట రోజువారీ తిండికి, రెండోది ఆపదలో టీకాకు సరిపోతుందనిపిస్తుంది. గోధుమరంగు త్రిభుజం ఏ జంతువో చెప్పదు కాబట్టి, డబ్బా కొనేవాడికి ఈ చర్చంతా చివరికి ఊహ మీదే నడుస్తుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సంగతి వేరు. ప్రపంచంలో అది దాదాపు అంతా పంది పేగుల పొర నుంచే వస్తుంది, హైదరాబాద్ గ్లాండ్ ఫార్మా పేరు పొందింది కూడా ఈ మందుతోనే. గుండెపోటుతో వచ్చినవాడి ముందు మూడు ప్రశ్నలకూ జవాబు క్షణంలో తేలిపోతుంది. కృత్రిమంగా తయారైన ఫోండాపరినక్స్ కొందరికి సరిపోతుంది, అందరికీ కాదు. ఇన్సులిన్ దారి మరోలా సాగింది. ఒకప్పుడు పంది, పశువుల క్లోమమే ఆధారం. 1982లో సూక్ష్మజీవులతో చేసిన మానవ ఇన్సులిన్ వచ్చి, అది అందుబాటులోకి వచ్చిన చోటల్లా పాత మినహాయింపు అక్కర్లేకుండా పోయింది.

టీకాల్లోనూ మరొకటి ఉందా లేదా అన్నదే ప్రశ్న. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తట్టు, రుబెల్లా టీకాను ఇండోనేషియా ఉలేమా మండలి 2018లో హరామ్ అంటూనే, మరో టీకా లేదు కనుక వాడొచ్చంది. 2021లో హైదరాబాద్ కోవాక్సిన్ మీద లేగదూడ సీరం దుమారం రేగితే, సీరం కణాల పెంపకానికే వాడి కడిగేస్తారనీ, టీకాలో ఉండదనీ కేంద్రం వివరణ ఇచ్చింది.

షాపులో అడగాల్సింది ఒక్కటే: ఇదే మందు బిళ్లగానో, పొడిగానో, మొక్కల నుంచి తీసిన హెచ్‌పీఎంసీ తొడుగుతోనో ఉందా? డాక్టరు రాసిన మందును జవాబు దొరికేదాకా మానేయకూడదు. డబ్బా సంగతంటారా, ఆగినా కొంప మునగదు.