సి.ఎన్.సి. యంత్రానికి తగిన కంప్యూటరు - ఎన్నిక, మన్నిక

చెక్కపైనా, ఆక్రిలిక్ పలకపైనా అక్షరాలను, ఆకృతులను తనంతట తానే చెక్కే చిన్న సి.ఎన్.సి. యంత్రాలను నేడు ఉత్సాహవంతులు ఇండ్లలోనే అమర్చుకొంటున్నారు. మన విద్యార్థులలో కూడ కొందరికి ఈ అభిరుచి కలదు. మోటార్ల ఎంపికలో, కోత పనిముట్టు ఎంపికలో ఎంతో శ్రద్ధ వహించేవారు సైతం ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి అతి వేగవంతమైనది కొనాలనో, మూలపడిన ల్యాప్‌టాప్ ఏదైనా చాలుననో భావిస్తారు. ఈ పనికి వేగం కంటె సమయపాలన ముఖ్యమని మేము మొదటనే మనవి చేస్తున్నాము.

సంఖ్యలతో యంత్రాన్ని నడపడం క్రొత్త విద్య కాదు. జాన్ పార్సన్స్ అనే అమెరికా పారిశ్రామికుని ఆలోచన మూలంగా మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారు 1952లోనే చిల్లుల పట్టీతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ పట్టీ స్థానంలో ఇప్పుడు జి-కోడ్ అనే ఆజ్ఞల పట్టిక ఉన్నది. కంప్యూటరు ఆ ఆజ్ఞలను విద్యుత్ పల్సులుగా మార్చి పంపగా, ఒక్కొక్క పల్సుకు స్టెప్పర్ మోటారు ఒక్కొక్క అడుగు తిరుగుతుంది.

ఇక్కడ చిన్న లెక్క చూడవలసి ఉన్నది. సాధారణ స్టెప్పర్ మోటారు చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవరు ఒక్కొక్క అడుగును 8 భాగాలు చేస్తే చుట్టుకు 1600 పల్సులు కావాలి. చుట్టుకు 5 మి.మీ. జరిపే లీడ్ స్క్రూ అయితే మిల్లీమీటరుకు 320 పల్సులు. సెకనుకు 50 మి.మీ. వేగంతో కదలాలంటే సెకనుకు 16,000 పల్సులు, అనగా 62.5 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున, క్రమం తప్పక వెళ్లాలి. కంప్యూటరు మధ్యలో వేరొక పనికి మళ్లి 200 మైక్రోసెకన్లు ఆలస్యం చేసినా మోటారు గతి తప్పి అడుగులు జారవచ్చును. చిన్న యంత్రాలలో ఆ సంగతి తిరిగి తెలిపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. అక్కడినుండి పని యావత్తూ ప్రక్కకు జరిగిపోతుంది.

ఉర్దూ నామఫలకం చెక్కేవారికి ఇది ప్రాణసంకటమే. చుక్క పైన ఉంటే 'ఖుదా', క్రింద ఉంటే 'జుదా'. అంత దూరం జరగనక్కరలేదు, చివర చెక్కే చుక్కలు అక్షరాల మీదికి ఒరిగితే చాలు, పలక వృథా.

ల్యాప్‌టాపులు విద్యుత్తును పొదుపు చేయడానికి తమ వేగాన్ని క్షణక్షణం మార్చుకొంటాయి. అందువలన పల్సులు స్వయంగా పంపే పనికి అవి తగవు. అమెరికా ప్రమాణాల సంస్థలో పుట్టి, అందరికీ ఉచితంగా లభించే లినక్స్‌సి.ఎన్.సి.లో ఈ ఆలస్యాన్ని కొలిచే పరీక్ష ఉన్నది. పాత కంప్యూటరు కొనేముందు దానిని కొన్ని గంటలు నడిపి చూడడం ఉత్తమం.

మన్నిక విషయంలో ప్యారలల్ పోర్టు చరిత్ర గమనింపదగినది. ఒకప్పుడు ప్రింటరుకు వాడిన ఆ 25 సూదుల ద్వారం నుండే మాక్-3 వంటి ప్రోగ్రాములు పల్సులు పంపేవి. దాని ప్యారలల్ పోర్టు డ్రైవరు 64-బిట్ విండోస్‌లో పనిచేయదు. విండోస్ ఎక్స్‌పికి 2014లోనే మద్దతు ముగిసినా, కొందరు ఆ పాత కంప్యూటర్లనే పట్టుకొని ఉండవలసి వచ్చింది. ఇనుము చెక్కుచెదరలేదు, కంప్యూటరుకే వారసులు లేకపోయారు!

కనుక పల్సుల పనిని కంప్యూటరు నుండి విడదీయడమే మేలు. 2009లో వెలువడిన గ్రబుల్ అనే ప్రోగ్రాము ఆర్డుయినో ఊనో బోర్డుపై నడుస్తుంది. 16 మెగాహెర్ట్‌జ్ వేగం, 32 కిలోబైట్ల ప్రోగ్రాము స్మృతి మాత్రమే గల ఆ చిప్ సెకనుకు 30,000 పల్సుల వరకు ఇవ్వగలదు. కంప్యూటరు వరుసలను అందిస్తే చాలు, రెప్పపాటు తడబడినా బోర్డు తన వద్ద నిలువ ఉన్న ఆజ్ఞలతో పని సాగిస్తుంది. అప్పుడు ల్యాప్‌టాపూ పనికివస్తుంది. బోర్డు నమూనా, ప్రోగ్రాము రెండూ బహిరంగం కావడంచేత ఒక కంపెనీ మూతపడినా యంత్రం అనాథ కాదు. అయితే స్పిండిల్ మోటారు రొదకు యు.ఎస్.బి. సంబంధం తెగిపోతుంటుంది, పొట్టిదైన, కవచం గల తీగ వాడాలి. పెద్ద యంత్రానికి లినక్స్‌సి.ఎన్.సి.తో పనిచేసే మెసా ఈథర్‌నెట్ బోర్డులే మేలని మా అభిప్రాయం, ఖర్చు అధికమైనప్పటికీ.

ఇక వేడి, ధూళి. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమౌతుంది. 85 డిగ్రీలకు బదులు 105 డిగ్రీల కెపాసిటర్లు ఉన్న మదర్‌బోర్డును ఎంచుకోవాలి. అల్యూమినియం పొడి విద్యుత్ వాహకం కనుక ఫ్యాను లేని పెట్టె శ్రేష్ఠం. రాస్ప్‌బెర్రీ పై వాడేవారు హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడగలదని గుర్తుంచుకోవాలి.

2025 అక్టోబరుతో విండోస్-10కు సాధారణ మద్దతు ముగియడంతో ఎన్నో కార్యాలయాల కంప్యూటర్లు మూలపడుతున్నాయి. లినక్స్ వేసుకొంటే వాటిలో చాలా భాగం ఈ పనికి చక్కగా సరిపోతాయి. మన కళాశాల పాలకవర్గం వారు అటువంటి వాటిని తూకానికి అమ్మేముందు ఒకే మోడలువి రెండు విద్యార్థులకు విడిచిపెట్టగలరని ఆశిస్తున్నాము. ఒకటి పనికి, రెండవది విడిభాగాలకు. ఆ కంప్యూటరును ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచి, డిస్కుకు నకలు తీసి దాచాలి. గ్రబుల్‌లో రెండు డాలరు గుర్తులు టైపు చేస్తే వచ్చే అమరికల పట్టికను కాగితంపై వ్రాసి, యంత్రపు పెట్టె తలుపు లోపలివైపు అతికించుకోవాలి.