జపాన్ కారు అయితే చాలా? కోదాడలో ఒక సెకండ్ హ్యాండ్ బేరం నేర్పిన పాఠం

"ఇన్నోవానో, సిటీనో, స్విఫ్టో... జపాన్ బండి అయితే చాలు బామ్మర్దీ. ఇగ సూస్కునే పనుండదు."

మిర్యాలగూడలో ఉండే మా బావ మాట ఇది. బియ్యం వ్యాపారం ఆయనది. నెలలో ఇరవై రోజులు హుజూర్‌నగర్ మీదుగా కోదాడ, అక్కడి నుంచి సూర్యాపేట తిరగాలి. బడ్జెట్ ఏడు లక్షలు, అందులో నాలుగు లక్షలు అప్పు. ఫోన్ కొన్నా, టీవీ కొన్నా ఇంట్లో అందరూ నన్నే అడుగుతారు కాబట్టి కారు వెతికే పని కూడా నా మీదే పడింది. నిజం చెప్పాలంటే నేనూ జపాన్ కార్ల ఫ్యాన్‌నే. కానీ ఈ బేరం తర్వాత "చూసుకునే పనుండదు" అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. ఎందుకో చూద్దాం.

స్పెక్స్ తక్కువ, ఆయుష్షు ఎక్కువ

ముందు ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గర ఏ హోటల్ ముందు ఆగినా ట్రావెల్స్ ఇన్నోవా ఒక్కటైనా కనిపిస్తుంది. 2000లో టయోటా క్వాలిస్ వచ్చింది. 2005లో దాని స్థానంలోకి ఇన్నోవా వచ్చింది. పెళ్లిళ్లు, తిరుపతి ట్రిప్పులు, ఎయిర్‌పోర్ట్ డ్రాప్‌లు అన్నీ దాని మీదే.

ఆ పాత ఇన్నోవా డీజిల్ ఇంజిన్ 2,494 సీసీ. పవర్ ఎంతో తెలుసా? 102 పీఎస్. ఈరోజు 1.5 లీటర్ డీజిల్ ఇంజిన్లే 115 పీఎస్ దాకా ఇస్తున్నాయి. కాగితం మీద చూస్తే ఇన్నోవా ఓడిపోయినట్టే. కానీ అసలు గుట్టు అక్కడే ఉంది. పెద్ద ఇంజిన్ నుంచి తక్కువ పవర్ తీస్తే లోపలి పార్టుల మీద ఒత్తిడి తగ్గుతుంది. మన ఫోన్ చిప్ లాగే అనుకోండి. ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిస్తే బెంచ్‌మార్క్ స్కోర్ అదిరిపోతుంది, వేడి కూడా అలాగే వస్తుంది. కొంచెం తగ్గించి నడిపితే స్కోర్ తగ్గుతుంది, ఫోన్ ఎక్కువ కాలం నిలబడుతుంది. పాత ఇన్నోవా ఈ రెండో రకం.

నడిపితే ఎలా ఉంటాయి?

అలాగని అన్ని జపాన్ కార్లూ ఒకేలా ఉండవు. హోండా సిటీలో వచ్చే 1.5 లీటర్ ఐ-వీటెక్ పెట్రోల్ ఇంజిన్ నా ఫేవరెట్. టర్బో లేదు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో మామూలుగానే ఉంటుంది. 4,000 దాటాక దాని సౌండే మారిపోతుంది. హుజూర్‌నగర్ రోడ్డులో సిమెంట్ లారీని దాటాలంటే మాత్రం ఒక గేర్ తగ్గించి కొట్టాల్సిందే. బద్ధకంగా నడిపేవాళ్లకు అది నచ్చకపోవచ్చు.

టయోటా హైబ్రిడ్ లెక్క వేరు. ఇన్నోవా హైక్రాస్‌లో 2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, మోటార్ కలిపి 186 పీఎస్. కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకు 23.24 కిలోమీటర్లు. ఇందులో మామూలు గేర్‌బాక్స్‌లో ఉండే క్లచ్ ఉండదు. విడిగా స్టార్టర్ మోటార్ కూడా ఉండదు. అరిగిపోయే పార్టులు తగ్గాయంటే రిపేర్లకు కారణాలూ తగ్గినట్టే. అయితే ధర చూస్తే మా బావ బడ్జెట్‌కి అది ఆమడ దూరం.

బ్యాడ్జి చూసి మోసపోవద్దు

ఇక్కడ ఫ్యాన్స్‌కి కొంచెం చేదు నిజం. హైవే మీద దుమ్ము రేపిన స్విఫ్ట్ డీజిల్ గుర్తుందా? 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర టర్బో అందుకోగానే సీటుకు అతుక్కుపోయే ఆ పికప్‌ని అందరూ "జపాన్ ఇంజిన్ అంటే ఇదీ" అని మెచ్చుకునేవాళ్లు. ఆ 1.3 లీటర్ ఇంజిన్ డిజైన్ సుజుకిది కాదు, ఇటలీ కంపెనీ ఫియట్‌ది. 2020లో బీఎస్6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లే ఆపేసింది.

ఇంకోటి. 2024 జనవరిలో టయోటా తన డీజిల్ ఇంజిన్ల పవర్ సర్టిఫికేషన్ పరీక్షల్లో తప్పు జరిగిందని బయటపెట్టింది. అమ్మే బండ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటి, పరీక్షలో వాడిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి. మన దేశంలో ఇన్నోవా క్రిస్టా, ఫార్చూనర్, హైలక్స్ డెలివరీలు కొన్నాళ్లు ఆగాయి. బెంచ్‌మార్క్ యాప్ తెరిచినప్పుడు మాత్రమే ఫోన్ స్పీడ్ పెంచే ట్రిక్ మన పాఠకులకు కొత్త కాదు కదా. ఇదీ ఆ బాపతే. ఇంజిన్లు పాడయ్యాయని దీని అర్థం కాదు. కానీ ఏ కంపెనీ పేరు వినగానే కళ్లు మూసుకోవద్దని మాత్రం అర్థం.

కోదాడ బేరం

ఇక అసలు కథ. కోదాడలో ఒక జపాన్ కంపెనీ సెడాన్ ఉందని బావకు ఎవరో చెప్పారు. మార్కెట్ రేటు కంటే దాదాపు లక్షన్నర తక్కువ. పెయింట్ మెరుస్తోంది, సీట్ కవర్లు కొత్తవి, లోపల సెంటు వాసన గుప్పుమంటోంది. ఇంజిన్ సౌండ్ కూడా సాఫీగా ఉంది. బావ అప్పటికే అడ్వాన్స్ ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

నా దగ్గర బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఓ మాదిరి ఇయర్‌ఫోన్స్ ధరకే వస్తుంది. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిచాను. ఎర్రర్ కోడ్‌లు ఒక్కటీ లేవు. అంతా క్లీన్. కానీ "కోడ్‌లు చెరిపేశాక తిరిగిన దూరం" అనే లైన్ దగ్గర 38 కిలోమీటర్లు అని ఉంది. అంటే ఈ మధ్యే ఎవరో అన్నీ తుడిచేశారు. అడిగితే, "బ్యాటరీ మార్చినం అన్నా, అందుకే" అన్నాడు అమ్మే అతను. బ్యాటరీ తీసినా అలా అయ్యే అవకాశం ఉంది కాబట్టి సరే అనుకున్నా.

తర్వాత సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగాను. చుట్టుకుని ఉండే ఆఖరి భాగంలో బురద చార. స్టెప్నీ తీసి చూస్తే కింద మూలల్లో మెత్తటి ఒండ్రు, జాకీకి తుప్పు. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అది నీళ్లలో మునిగిన బండి.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వానలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. కోదాడలో కార్లు, ఆటోలు వరదలో కొట్టుకుపోయాయి. హైవే తెగిపోయి రాకపోకలు ఆగాయి. అటు విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ కార్లలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి.

నీళ్లకు జపాన్, జర్మనీ తేడా ఉండదు. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ బాగు చేయించినా వైరింగ్ ఉంది కదా. కనెక్టర్లలో చిలుము పట్టడం నెలల తర్వాత బయటపడుతుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ఫ్లోర్ దగ్గరే ఉంటుంది. అవసరమైన రోజు అది పనిచేస్తుందో లేదో ముందుగా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ కారులో మా అక్క, పిల్లలు తిరగాలి. బావ చెయ్యి జేబులోంచి ఖాళీగానే బయటికొచ్చింది.

కొనేముందు ఇవి చూడండి

• సీట్ బెల్ట్‌లు పూర్తిగా లాగండి. సీట్ల కింద పట్టాలు, బోల్టులు, స్టెప్నీ గుంత చూడండి.
• ఓబీడీ స్కానర్‌లో కోడ్‌లు లేవని సంతోషించొద్దు. అవి ఎప్పుడు చెరిపేశారో చూడండి.
• కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ చెప్పి పాత రికార్డు అడగండి. కిలోమీటర్ల మోసం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.
• ఎంపరివాహన్ యాప్‌లో ఓనర్ల సంఖ్య, ఇన్సూరెన్స్ గడువు సరిచూసుకోండి.
• బండి 2023 ఏప్రిల్‌కి ముందుదైతే, ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్ గురించి మెకానిక్‌ని అడిగి, ఫ్యూయల్ పైపులు, రబ్బర్ సీల్స్ చూపించండి.

ఫైనల్ తీర్పు

జపాన్ కార్లు నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ సెకండ్ హ్యాండ్‌లో మనం కొనేది కంపెనీని కాదు, ఆ ఒక్క బండిని, దాన్ని వాడిన మనిషి అలవాట్లని.

బావ చివరికి సూర్యాపేటలో ఒక రిటైర్డ్ టీచర్ వాడిన 2017 పెట్రోల్ స్విఫ్ట్ తీసుకున్నాడు. పెయింట్ కొంచెం వెలిసింది, వెనక బంపర్‌కి ఒక గీత ఉంది. కానీ ప్రతి సర్వీస్ బిల్లూ ఒక ప్లాస్టిక్ కవర్‌లో వరసగా పెట్టి ఇచ్చాడాయన. నాలుగు లక్షలు అనుకున్న అప్పు రెండు లక్షల లోపే ఆగింది. మొన్న ఆయిల్ మార్పించిన బిల్లుని బావ కూడా అదే కవర్‌లో పెట్టాడట.